ఎనిమిది కిటికీల లాంచీ

మా మామ మునివెంకటప్ప మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆకలేస్తే గోడకు చెప్పేవాడు. వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నా సరే, "అన్నం పెట్టమని సెప్పు" అనేవాడు. కాపురానికి వచ్చేటప్పుడు అమ్మగారింటి నుంచి కుట్టుమిషను తెచ్చుకోవడమే నేను చేసిన నేరం. పుత్తూరులో వడ్రంగి ఇంటి ఆడవాళ్ళు రంపపు పొట్టు ఎత్తుతారు, వంట చేస్తారు, పిల్లల్ని కంటారు. ఊరందరి రవికలు కుట్టి నలుగురినీ గడప తొక్కించుకోరు. పంకజాక్షి అనే నా పేరు ఆయన నోట ఏనాడూ రాలేదు. నేను "మిషనామె"ను.

నేను చెప్పేది డెబ్భై తొమ్మిదో సంవత్సరంలో, కార్తీకంలో మొదలై పుష్యం రాకముందే ముగిసిపోయిన సంగతి. అంతా కలిపి నెలన్నర.

ఆ వానల్లో మా ఆయన చెంగల్రాయుడు తిరుపతిలో రాజారత్నం దగ్గర ఒక పని ఒప్పుకొని వచ్చాడు. రాజారత్నానికి అలిపిరి దారిలో లాడ్జి ఉంది, రెండోది కడుతున్నాడు. మద్రాసు వేలంలో పాత లాంచీ ఒకటి కొని పులికాట్ సరస్సులో దించాడు. చలికాలం అక్కడ పక్షులు దిగుతాయి. వాటిని చూపించే నెపంతో పెద్దమనుషులను లాంచీలో తిప్పి, తనకు కావలసిన పనులు చేయించుకోవాలని ఆయన ఎత్తు. అయితే మొదటిసారి ఎక్కినవాళ్ళు పొద్దు గూకీ గూకకముందే ముక్కూ చెవులూ మూసుకొని దిగి పారిపోయారట. దోమలకు తోడు ఆవగింజలో సగం కూడా లేని నుసుమలు, పొగలాగా లేస్తాయక్కడ. అందుకని లాంచీ కిటికీలన్నిటికీ తెరలు కావాలి. పగలు తీసేయాలి, సాయంత్రం పెట్టేయాలి. ఈ పని కుదిరితే కొత్త లాడ్జి తలుపులూ కిటికీలూ మొత్తం మీకే అని మాటిచ్చాడు.

పనికి బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు మా ఆయన ఎవరి ఇంటికో దూలం ఎక్కిస్తూ జారిపడ్డాడు. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడివాళ్ళో బండ్లు కట్టుకొని మా ఊరికి వస్తారు. మాకు ఆ ప్రయాణం తప్పింది, అంతే. మోచేతి పైదాకా కట్టు కట్టించుకొని వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"నేను పోతాలే," అన్నాడు మామ.

"పంకజాక్షిని గూడా తీసుకపో నాయనా. అది పడవ. గోడ మాదిరి నిటారుగా ఉండదు. ఒక్కో కిటికీ ఒక్కో వంకర. కాగితం పెట్టి అచ్చు తీసుకోవాల. రవికలకు అచ్చులు కత్తిరించే చెయ్యి గదా, దానికి తెలుస్తాది."

మామ నోట్లోని వక్కాకు వీధిలోకి ఊసి వచ్చాడు. "నలభై ఏండ్లుగా కిటికీలు చేస్తాండా. గుడ్డపేలికలు కుట్టేదాని తావ కొలతలు నేర్సుకోవాల్నా నేను?"

"అయితే పని వద్దని సెప్పి పంపిస్తా. లాడ్జి పని గూడా పోతాది."

నాలుగు నెలలుగా ఇంట్లో పెద్ద పని లేదు. మామ చాలాసేపు ఉలికి పదును పెడుతూ కూర్చున్నాడు. చివరికి ఉలితోనే చెప్పాడు. "రమ్మను. నోరు మూసుకొని ఉండాలని సెప్పు."

మిషను పైభాగం మాత్రం విప్పి, చేత్తో తిప్పే పిడి బిగించి, గోతంలో చుట్టుకున్నాను. సత్యవేడు మీదుగా తడ చేరి, అక్కడి నుంచి ఎడ్లబండిలో సరస్సు ఒడ్డున ఉన్న కుప్పానికి, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లెకు పోయాము. దారి పొడుగునా ఆయన బండివాడితో మాట్లాడాడు, ఎద్దులతో మాట్లాడాడు.

లాంచీ ఒడ్డుకు ఇరవై బారల దూరంలో, మోకాలి లోతు నీళ్ళలో ఆగి ఉంది. పక్కలకు మూడేసి కిటికీలు, ముందు ఏటవాలుగా రెండు, వెనక ఒక తలుపు. దాన్ని నడిపే సరంగు ఎల్లప్ప ఆ కుప్పంవాడే. కుప్పంలో ఎవరూ అతనితో మాట్లాడరు. ఆ లాంచీ మర మూడుసార్లు వలలు తెంచింది. అందులో ఒకటి ఎల్లప్ప సొంత అన్న వల. తెంచిన లాంచీకే ఇతను జీతానికి కుదిరాడు.

నాకు ఎల్లప్ప ఇంటి వసారా ఇచ్చారు. మామ లాంచీలోనే పడుకునేవాడు. ఎల్లప్ప పెళ్ళాం అలివేలమ్మ మొదటిరోజే కుండ చూపించింది.

"నీళ్ళు ఆడ ఉండాయి. తీసుకొనేదానికి నన్ను అడగబల్లేదు. నాతో మాట్లాడబల్లేదు."

"నేనేం చేసినాను తల్లీ?"

"ఆ పడవకు సింగారం చేసేదానికి వచ్చినావు గదా. అది సాలదా?"

మాట్లాడని ఇంటి నుంచి వచ్చి మాట్లాడని ఇంట్లో పడ్డాను.

మామ మరుసటి రోజు పొద్దున అడుగుబద్దతో ప్రతి కిటికీకి ఒక నిలువు, ఒక అడ్డం కొలిచి, పలక మీద రాసుకున్నాడు. గంటలో అయిపోయింది. "కొలతలు అయినాయి," అని స్తంభానికి చెప్పాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ కిటికీల్లో రెండు పక్కలూ సమానంగా ఉన్నది ఒక్కటీ లేదు. పడవ పొట్ట ఎటు వంగితే అవీ అటే వంగాయి. పై మూల ఒకటి గుండ్రం, ఇంకొకటి మొన. నోరు మూసుకొని ఉండమన్నాడు కదా, మూసుకున్నాను. ఆయన మధ్యాహ్నం ఒడ్డుకు పోయి కునుకు తీసినప్పుడు పాత పేపర్లు గంజితో అతికించి, కిటికీ కిటికీకీ ఆనించి, అంచు వెంబడి గోటితో నొక్కి, ఎనిమిది అచ్చులు కత్తిరించాను. ఎడమవైపువి ఏవో, కుడివైపువి ఏవో బొగ్గుతో గుర్తులు పెట్టి చుట్టచుట్టి మూలన నిలబెట్టాను.

మరునాడు నేను లాంచీకి పోదామని వచ్చేసరికి ఒడ్డున మూడు రాళ్ళ మీద వజ్రం కాగుతోంది. చెక్కలు అతికించే బంక అది, ఉడికితేగాని పనికి రాదు. రాళ్ళ కింద మంట మామ నా అచ్చులతోనే పెట్టాడు. చివరిది సగం కాలింది. అందులో నా బొగ్గు గుర్తు కనిపిస్తూనే ఉంది.

"మామా, అవి అచ్చులు."

ఆయన పుల్లతో బంక కలుపుతూ పొయ్యికి చెప్పాడు. "పాత పేపర్లు మండేదానికి గాక ఇంకేటికి?"

ఆ రోజు నేను ఏడవలేదు. ఏడిస్తే చూసేదానికి అక్కడెవరున్నారు?

అబద్ధం చెప్పను, ఎనిమిది రోజుల్లో ఆయన చేసిన చట్రాలు చూడముచ్చటగా ఉన్నాయి. టేకు బద్దలు అద్దంలాగా నున్నగా తోసి, మూలమూలా ఒకదాంట్లో ఒకటి దిగేసి, సన్నటి ఇత్తడి జాలి డోలు చర్మంలాగా బిగించాడు. ఇళ్ళకైతే కళ్ళకద్దుకోవచ్చు. కిటికీకి పెడితే మాత్రం పై మూల తగులుకొని కింది మూల వేలు దూరేంత సందు. ఆ మూల చెక్కితే ఈ మూల తెరుచుకుంది. రెండు రోజులు చెక్కాడు. తేమకు టేకు కూడా కాస్త ఉబ్బి, పట్టినవి పట్టుకున్నట్టే బిగిసిపోయాయి. తీయాలంటే సుత్తి కావలసి వచ్చింది. నేను మిషను ముందేసుకొని ఊరికే కూర్చున్నాను. లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గులేదు.

పదమూడో రోజు సాయంత్రం రాజారత్నం కారులో వచ్చాడు. తెల్ల పంచె మోకాళ్ళ పైకి కట్టుకొని, ఎల్లప్ప భుజం పట్టుకొని లాంచీ ఎక్కాడు. అన్నీ మూయించి, గదిలో దీపం వెలిగించమని, బల్ల మీద కూర్చున్నాడు. పొద్దు వాలింది. నీళ్ళ మీద నుంచి నుసుమలు లేచాయి. సందుల్లోంచి వరసగా, పెళ్ళిభోజనానికి వచ్చినట్టు వచ్చాయి. రాజారత్నం మెడ మీద కొట్టుకున్నాడు, చెవిలో కొట్టుకున్నాడు, లేచాడు.

"ఏమప్పా మునివెంకటప్పా, దోమలు పోకుండా చేయమంటే దోమలకు వాకిండ్లు పెట్టినావే!"

మామ తల వంచుకున్నాడు.

ఒక చట్రం పట్టుకొని లాగాడు రాజారత్నం. అది రాలేదు. కాలితో తన్నాడు. జాలి చిరిగింది. "ఇది తీసి పెట్టేదా? సమాధి రాయి గదా ఇది! ఇంగ పద్నాలుగు దినాల్లో మద్రాసు నుంచి మనుషులొస్తారు. వాళ్ళ ముందర నా పరువు తీసేదానికి నీకు ఎవరైనా చెప్పి పంపించినారా? కొలత తెలియని నాకొడుకువి వడ్రంగమేంటికి చేస్తావు?"

తలుపు దగ్గర ఎల్లప్ప నిలబడి వింటున్నాడు. తండ్రి వయసు మనిషిని అంత మాట అన్నారని అతనూ ముఖం తిప్పుకోలేదు. కుప్పంవాళ్ళు తనకు చేస్తున్నది ఇంకొకరికి జరుగుతుంటే చూడటం అతనికి బాగానే ఉన్నట్టుంది.

మామ ముఖం నల్లబడింది. మెల్లగా చెయ్యెత్తి నావైపు చూపించాడు.

"కొలతలు నేను తీయలేదు సామీ. మా కోడలు తీసింది. అచ్చులు తీస్తానని అదే వచ్చింది."

మూడేళ్ళలో ఆయన నన్ను కోడలు అనడం అదే మొదలు.

రాజారత్నం నావైపు తిరిగాడు. నాకు మంటలో కాలుతున్న పేపర్లు గుర్తొచ్చాయి. పలక మీద మామ చేతిరాత ఇంకా చెరిపేయలేదు, రెండడుగుల దూరంలోనే ఉంది. తీసి చూపిస్తే చాలు. మామ కూడా ఆ పలకనే చూస్తున్నాడు.

"అవును సామీ," అన్నాను. "కొలతలు నావే. తప్పు నాదే. పది దినాలు ఇయ్యండి, నేనే సరి చేస్తాను. వేరే ఎవురూ చెయ్యి పెట్టబల్లేదు."

"నువ్వా?"

"కొలతలు నావి గదా సామీ. పని గూడా నాదే కావాల."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, మళ్ళీ చెవి మీద కొట్టుకున్నాడు. "పది దినాలే. లేకపోతే మీ ఇంటోళ్ళకు తిరుపతిలో గుంజ పాతే పని గూడా దొరకనియ్యను." దిగి పోయాడు.

మామ నావైపు చూడలేదు. పలక తీసుకొని నీళ్ళలో ముంచి కడిగాడు.

బిగిసిన చట్రాలు సుత్తితో ఊడగొట్టి పక్కన పెట్టి, మళ్ళీ అచ్చులు తీశాను. ఈసారి వాటిని నడుముకు కట్టుకొని పడుకున్నాను. టేకు జోలికి పోలేదు. రాజారత్నం మద్రాసు నుంచి మొదటే తెప్పించిన నైలాను దోమతెర గుడ్డ కట్టగట్టినట్టే ఉంది. దాన్ని రెండు పొరలు వేసి చూస్తే నుసుమ దూరలేదు. ఒక్కో అచ్చు కన్నా బెత్తెడు ఎక్కువ కత్తిరించి, చుట్టూ మందపాటి గుడ్డ నాడా కుట్టి, ఆ నాడా మడతలో పేముబద్ద దూర్చాను. చేట అంచుకు బద్ద కట్టినట్టు. పేము వంగుతుంది. కిటికీ కంటే వెంట్రుకవాసి పెద్దగా ఉంటే, నొక్కి వదలగానే అదే సాగి కిటికీ అంచుకు అతుక్కుంటుంది. కింద ఒక గుడ్డచెవి కుట్టాను. లాగితే ఊడి వస్తుంది. సుత్తి అక్కరలేదు. ఇవన్నీ మొదటే తెలుసని గొప్పలు పోను. మొదటి రెండూ చెడిపోయాయి. ఒకటి బుడగలాగా ఉబ్బింది, ఒకటి విరిగి నా బొటనవేలు చీల్చింది.

మామ అన్ని రోజులూ లాంచీ వెనక కూర్చొని ఉన్నాడు. ఇంటికీ పోలేదు, ఒక్క చెయ్యీ వేయలేదు. చెడిపోయిన తెర నేను నీళ్ళలో విసిరినప్పుడల్లా గొంతు సవరించుకునేవాడు.

తలుపు దగ్గర చిక్కొచ్చింది. మనుషులు వచ్చీ పోయే చోట బిగించే తెర పనికిరాదు. రెండు గుడ్డలు ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు వేలాడదీశాను గానీ, గాలికి ఎగిరిపోతున్నాయి. కింద బరువు కావాలి. ఆ మధ్యాహ్నం ఎల్లప్ప ఒక సంచి తెచ్చి నా ముందు బోర్లించాడు. వలకు కట్టే సీసపు గుండ్లు.

"యాడివి ఇవి?"

"మా అన్న వలవి. ఈ పడవ తెంచింది గదా, ఆ వలవే. ఇంగ ఆయనకు పనికి రావు."

"నాకేంటికి తెచ్చినావు?"

"నిన్ను సూసి గాదులే. మీ పని బిరీన అయిపోతే మీరు పోతారు. మా ఇంట్లోదానికి నిన్ను సూస్తే అన్నం సయించేది లేదు."

గుండ్లన్నీ కింది అంచులో వరసగా పెట్టి కుట్టేశాను. తెర నిటారుగా దిగింది.

రాజారత్నం అన్న మాట ప్రకారం పదోరోజు వచ్చాడు. నేనే ఎనిమిదీ పెట్టాను, చిటికె వేసేంత సేపట్లో అయిపోయింది. దీపం పెట్టారు. కాసేపటికి బయటివైపు నైలాను నల్లగా మారిపోయింది, మిరియాల పొడి చల్లినట్టు. లోపల దీపం చుట్టూ ఒక్క పురుగు లేదు. రాజారత్నం చాలాసేపు కూర్చున్నాడు. ఒక తెర గుడ్డచెవి పట్టి లాగాడు, చేతిలోకి వచ్చింది. మళ్ళీ పెట్టాడు, కూర్చుంది.

"సూసేదానికి బీదగా ఉండాయి," అన్నాడు. మెచ్చుకోలు ఆయనకు రాదు. తర్వాత మామవైపు తిరిగాడు. "ఏమప్పా, లాడ్జి కిటికీలకు కొలతలు తీసేదానికి ఈ యమ్మను పంపు. నువ్వు రాబల్లేదు. ఇంట్లో కూసొని చెక్కుకో."

ఆయనకు అది పెద్ద మాటేమీ కాదు. చెప్పులు వెతుక్కుంటూ అన్నాడు.

మరునాడు పొద్దున సత్యవేడు బస్సులో మామ నా ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు ఇంకా నాలుగు మైళ్ళు ఉందనగా వెనక్కి తిరిగాడు. నేరుగా నా కళ్ళలోకి చూశాడు. ఆయన కళ్ళు ఇంత లేత రంగువని నాకు అంతవరకూ తెలియదు.

"నువ్వు నా ఇంట్లో ఉండబల్లేదు," అన్నాడు. "నీ మిషను తీసుకొని వాడితో వేరే పో. వాడు రాకపోతే నువ్వు పో."

మళ్ళీ ముందుకు తిరిగాడు. నేను బదులు చెప్పే లోపల కండక్టరు వచ్చాడు.

సాయంత్రానికి పుత్తూరంతా తెలిసిపోయింది. ఆయన చెప్పింది ఒక్కటే: మిషనామె తప్పు కొలతలిచ్చి మంచి టేకంతా పాడు చేయించింది, తనే ఒప్పుకుంది, కావాలంటే సరంగును అడగండి. నేను అన్న మాటే. ఎవరి దగ్గరికి పోయి ఏమని చెప్పుకోను? మా అత్త వరదమ్మ పొయ్యి దగ్గర కూర్చొని కొంగు నోట్లో కుక్కుకుంది గానీ మొగుడికి ఎదురు చెప్పలేదు.

మా ఆయన అరుగు మీద నుంచి కదల్లేదు. నేను మూటలు కడుతుంటే గుమ్మంలోకి వచ్చాడు. కోపంగానే వచ్చాడు.

"నువ్వు ఆడ గమ్మునుండింటే సరిపోయేది గదా. నాయన ఒక మాటంటే పడింటే ఏం పోయింది?"

"పడినాను. మాట గాదు, తప్పే నా మీద ఏసుకున్నాను."

"నిజంగా కొలతలు నువ్వే తీసినావా?"

నేను మూట ముడి బిగించాను. "నువ్వేమనుకుంటాండావు?"

అతను గోడకు ఆనుకున్నాడు. బయట మామ తోపడా పట్టుకొని ఏదో చెక్కను తోస్తున్నాడు, గట్టిగా, అక్కరలేనంత గట్టిగా. మా ఆయన ఆ చప్పుడు కాసేపు విన్నాడు.

"నాయన రెండు పక్కలే కొలుస్తాడు," అన్నాడు, ఎవరికీ వినపడనట్టు. "సిన్నప్పటి నుంచి సూస్తాండా. నాలుగు పక్కలూ కొలవమంటే కొట్టేవాడు."

నేను రెండో మూట కట్టడం మొదలుపెట్టాను.

స్టేషను రోడ్డులో ఒంటిగది ఒకటి నేనే అద్దెకు మాట్లాడుకున్నాను. మిషను పైభాగం స్టాండుకు బిగించేశాను, అది ఒక్కరు ఎత్తగలిగే బరువు కాదు. వీధిలో పోయే ఎవరినైనా పిలుద్దామని వాకిట్లోకి వచ్చాను. మామ పని ఆపి చూస్తున్నాడు. ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడ్డారు. ఎవరూ రాలేదు.

వెనక ఇనుము గచ్చు మీద ఈడ్చిన చప్పుడైంది. మా ఆయన కుడిచెయ్యి మెడకు వేలాడుతుండగా, వంగి, ఎడమచేత్తో స్టాండు ఒక కొస పట్టుకొని ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. తండ్రివైపు చూడలేదు.

"ఆ పక్క పట్టుకో," అన్నాడు నాతో. "గడప తగలకుండా."